లేని నీటిబుడగలు

మా పిన్ని కూతురికి పద్నాలుగేళ్లప్పుడు ఆదివారం తలంటు అంటే ఇల్లంతా రభస. కుంకుడు పులుసు కళ్లలో పడిందని కాదు, పేచీ అంతా మెడ దగ్గర. "చూడు ఆ మసి, ఎన్నాళ్ల మురికో!" అంటూ పిన్ని సున్నిపిండి అద్ది మెడ వెనక రుద్దేది. పిల్ల ఏడ్చేది. సున్నిపిండి పోయి పీచు వచ్చింది, పీచు పోయి నిమ్మచెక్క వచ్చింది, ఆ తర్వాత ఎవరో చెప్పారని బొప్పాయి గుజ్జు. నలుపు మాత్రం కదల్లేదు. ముఖమల్ గుడ్డ అంటించినట్టు మెత్తగా, కాస్త మందంగా, మెడ మడతల్లో అలాగే ఉండిపోయింది.

నెలసరి రెండు నెలలకోసారి, ఒక్కోసారి నాలుగు నెలలకోసారి వచ్చేది. గడ్డం కింద నాలుగు వెంట్రుకలు మొలిస్తే ట్వీజర్‌తో పీకేసుకునేది. పందొమ్మిదో ఏట, సంబంధాలు చూడటం మొదలుపెట్టబోయే ముందు, స్కానింగ్ తీయించారు. పిన్ని ఇంటికొచ్చి గొంతు తగ్గించి చెప్పిన మాట నాకింకా గుర్తే: "గర్భసంచి పక్కన నీటిబుడగలున్నాయట." ఆ బుడగలు కరగడానికి ఒకరు మెంతులు చెప్పారు, ఇంకొకరు కషాయం చెప్పారు. "పెళ్లయితే అవే పోతాయిలే" అని మా అమ్మ సర్దిచెప్పింది.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఏళ్ల తరబడి రుద్దిన ఆ మెడ మీదే జబ్బు తన చిరునామా రాసిపెట్టింది. దాన్ని మురికనుకున్నాం. ఇల్లంతా బెంగపెట్టుకున్న నీటిబుడగలేమో అసలు లేనే లేవు.

దీని పేరు పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, పీసీఓఎస్. మన వైపు పీసీఓడీ అన్న పేరే నోళ్లలో ఎక్కువ నానింది. ఒకటి చిన్న జబ్బు, రెండోది పెద్ద జబ్బు అని తేడాలు చెప్పే వీడియోలు కొల్లలు. అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాల్లో పీసీఓడీ అనే విడి జబ్బేదీ లేదు. రెండు పేర్లదీ ఒకే జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పిల్లలు పుట్టే వయసులో ఉన్న స్త్రీలలో 10 నుంచి 13 శాతం మందికి ఇది ఉంది. వాళ్లలో 70 శాతం దాకా తమకది ఉన్నట్టే తెలియనివాళ్లు.

ముందు ఆ బుడగల సంగతి తేల్చుకుందాం. ఆడపిల్ల పుట్టేటప్పటికే అండాశయాల్లో పది ఇరవై లక్షల అండాలుంటాయి. పెద్దమనిషి అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి. జీవితం మొత్తంలో బయటికొచ్చేవి నాలుగు వందలకు అటూ ఇటూ. ఒక్కో అండం చుట్టూ కణాలు పొరలుగా అల్లుకుని చిన్న సంచిలా ఉంటాయి. పాఠ్యపుస్తకాల్లో దాన్ని పుటిక అంటారు. పెరిగేకొద్దీ దానిలోకి కొంచెం ద్రవం ఊరుతుంది. నెలనెలా కొన్ని పుటికలు కలిసి బయల్దేరతాయి. వాటిలో ఒకటి మిగతావాటిని వెనక్కి నెట్టి ఇరవై మిల్లీమీటర్ల దాకా పెరిగి, పగిలి, అండాన్ని వదులుతుంది. మిగిలినవి ఎండిపోతాయి.

పీసీఓఎస్ ఉన్నవాళ్లలో ఆ ఒక్కటి ముందుకు రాదు. పుటికలన్నీ రెండు మిల్లీమీటర్ల నుంచి తొమ్మిది మిల్లీమీటర్ల మధ్య ఎక్కడో ఆగిపోతాయి. స్కాన్‌లో అండాశయం అంచు చుట్టూ ముత్యాల సరం పేర్చినట్టు నల్లటి చుక్కలు కనిపించేది అందుకే. అవి తిత్తులు కావు, గడ్డలు కావు. సగం దారిలో నిలిచిపోయిన మామూలు పుటికలు. కరిగించడానికీ పగలగొట్టడానికీ అక్కడేమీ లేదు. బస్టాండులో బస్సులన్నీ నిలబడిపోతే ఒక్కో బస్సు బానెట్టూ ఎత్తి చూస్తే ఏం తేలుతుంది? బయల్దేరమని చెప్పాల్సిన మనిషి ఏం చేస్తున్నాడో చూడాలి.

చెప్పాల్సింది మెదడు. హైపోథాలమస్ నుంచి ఒక హార్మోను గుండె కొట్టుకున్నట్టు విడతలు విడతలుగా వస్తుంది. ఆ విడతల జోరును బట్టి పీయూష గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి పంపుతుంది. జోరెక్కువైతే ఎల్‌హెచ్ పెరుగుతుంది, ఎఫ్‌ఎస్‌హెచ్ వెనకబడుతుంది. ఈ రెండూ పుటిక దగ్గర చేసే పని మన వంటింట్లో అట్లు పోసే పనిలాంటిదే. పుటిక బయటి పొరలోని కణాలు ఎల్‌హెచ్ చెబితే పిండి రుబ్బుతాయి. ఆ పిండి పేరు ఆండ్రోజెన్లు, మనం పురుష హార్మోన్లు అనేవి. లోపలి పొరలోని కణాలు ఎఫ్‌ఎస్‌హెచ్ చెబితే ఆ పిండితో అట్లు పోస్తాయి. ఆ అట్టు ఈస్ట్రోజెన్. ఆడవాళ్ల ఒంట్లో ఉన్న ప్రతి ఈస్ట్రోజెన్ అణువూ అంతకుముందు ఆండ్రోజెన్‌గా ఉన్నదే. "ఆడపిల్లకి మగ హార్మోనేమిటి?" అని హడలిపోయేవాళ్లకు ఈ ఒక్క సంగతి చెబితే చాలు, సగం భయం పోతుంది.

పీసీఓఎస్‌లో రుబ్బేవాళ్లకు ఒకటే తొందర, పోసేవాళ్లకు పొయ్యి అందదు. పిండి పొంగి పొర్లుతుంది. పొర్లిన ఆండ్రోజెన్ మొహం మీద మొటిమలవుతుంది, గడ్డం మీద వెంట్రుకవుతుంది, నడినెత్తిన జుట్టు పలచబడటమవుతుంది. ఆగిపోయిన చిన్న పుటికలు మరో చిక్కు తెస్తాయి. అవి ఏఎంహెచ్ అనే హార్మోను విడుదల చేస్తాయి. ఎఫ్‌ఎస్‌హెచ్ చెప్పేది చెవికెక్కకుండా చేయడం దాని గుణం. గుంపు పెద్దదయ్యేకొద్దీ ఏఎంహెచ్ పెరుగుతుంది, ఏఎంహెచ్ పెరిగేకొద్దీ గుంపులోంచి ఒకటి ముందుకు కదలడం ఇంకా కష్టమవుతుంది.

అండం విడుదల కాకపోతే ప్రొజెస్టెరాన్ తయారుకాదు. పుటిక పగిలి అండం వెళ్లిపోయాక ఆ ఖాళీ చోట పసుపుపచ్చటి కణజాలం ఏర్పడుతుంది. ప్రొజెస్టెరాన్ పుట్టేది అందులో. మెదడు జోరుకు పగ్గం వేసేదీ ప్రొజెస్టెరానే. అది లేకపోతే హైపోథాలమస్ పరుగు ఆగదు, ఎల్‌హెచ్ తగ్గదు, పిండి రుబ్బుడు ఆగదు. ఇందులో మొదలెక్కడ అని అడిగితే, గుడ్డు ముందా కోడి ముందా అన్నట్టే ఉంటుంది.

ఇంతవరకూ చెప్పిందంతా మెదడుకూ అండాశయానికీ మధ్య వ్యవహారం. మెడ సంగతి ఇంకా రాలేదు. అది రావడానికి వైద్యశాస్త్రానికీ చాలాకాలమే పట్టింది.

1721లో ఇటలీలోని పాదువాలో వైద్యం బోధించిన ఆంటోనియో వల్లిస్నేరి ఒక పల్లెటూరి యువతి గురించి రాశాడు. పెళ్లయింది, కాస్త బొద్దుగా ఉంది, పిల్లల్లేరు. ఆమె అండాశయాలు మామూలుకన్నా పెద్దవిగా, తెల్లగా మెరుస్తూ, పావురం గుడ్లలా ఉన్నాయి. అది పీసీఓఎస్సే అని ఇవాళ ఒట్టేసి చెప్పలేం గానీ చదివితే పోలిక తట్టక మానదు. ఆ తర్వాత రెండు శతాబ్దాలకు, 1935లో, షికాగోలో ఇర్వింగ్ స్టెయిన్, మైకేల్ లెవెంథాల్ అనే ఇద్దరు వైద్యులు ఏడుగురు స్త్రీల కథను ప్రచురించారు. నెలసరి ఆగిపోయినవాళ్లు, అండాశయాలు ఉబ్బినవాళ్లు. అప్పటికి అల్ట్రాసౌండ్ స్కానింగ్ లేదు. ఆ వైద్యులు రెండు అండాశయాల్లోనూ పుచ్చకాయ ముక్క కోసినట్టు ఒక చీలిక కోసి తీసేశారు. ఏడుగురికీ నెలసరి మళ్లీ వచ్చింది. ఇద్దరు గర్భవతులయ్యారు.

ఎందుకు వచ్చిందన్నది వాళ్లు సరిగ్గా చెప్పలేకపోయారు. పుటికలు ఎక్కువై ఇరుకైపోయిందనీ, తీసేస్తే చోటు దొరికిందనీ అనుకున్నారు. ఇవాళ్టి వివరణ వేరు. కోసేసిన ముక్కతోబాటు పిండి రుబ్బే కణాలు కొన్ని పోయాయి, ఆండ్రోజెన్ తగ్గింది, వలయం ఒకచోట తెగింది. వైద్యం ఫలించింది, కారణం మాత్రం తప్పు. అక్కడినుంచి చూపంతా అండాశయం మీదే నిలిచిపోయింది. జబ్బుకు చాలాకాలం స్టెయిన్-లెవెంథాల్ సిండ్రోమ్ అనే పేరుండేది. ఆ తర్వాత వచ్చిన పేరులోనూ ఓవరీయే ఉంది, తిత్తులూ ఉన్నాయి. 2012లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు కూర్చోబెట్టిన నిపుణుల బృందం ఈ పేరు తప్పుదారి పట్టిస్తోందనీ మార్చాలనీ తేల్చి చెప్పింది. నన్నడిగితే ఆ మాట చాలా ఆలస్యంగా వచ్చింది.

ఎందుకంటే ఆధారం అంతకుముందే దొరికింది. 1921లో పారిస్‌లో అషార్, తియెర్ అనే వైద్యులు గడ్డాలు మొలిచిన స్త్రీల మధుమేహం అంటూ ఒక వ్యాసం రాశారు. వెంట్రుకలకూ షుగరుకూ ఏదో లంకె ఉందని వాళ్లకు తోచింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1980లో అమెరికాలోని టెనెసీ పరిశోధకులు ఈ జబ్బున్న స్త్రీల రక్తంలో ఇన్సులిన్ ఎంతుందో కొలిచారు. ఇన్సులిన్ ఎంత ఎక్కువుంటే ఆండ్రోజెన్ అంత ఎక్కువుంది. ఆ దశాబ్దం ముగిసేలోపు సన్నగా ఉన్నవాళ్లలో కూడా ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని తేలింది. అంటే ఒళ్లు చేయడం వల్ల మాత్రమే వచ్చే తంటా కాదిది.

ఇన్సులిన్ నిరోధకత అనే మాట ఇప్పుడు అందరూ వింటున్నదే. అన్నం తిన్నాక రక్తంలో చేరిన చక్కెరను కండరాల్లోకి పంపమని ఇన్సులిన్ చెబుతుంది. కండరం వినిపించుకోదు. క్లోమం గొంతు పెంచి మరింత ఇన్సులిన్ వదులుతుంది. కొన్నేళ్లపాటు అలా అరిచి అరిచి చక్కెరను అదుపులోనే ఉంచుతుంది. కాబట్టి మామూలు షుగర్ పరీక్షలో ఏమీ తేలదు. ఈలోగా చెవిటివాడి కోసం అరిస్తే పక్కింటివాళ్ల చెవులు చిల్లులు పడ్డట్టు, ఇన్సులిన్ మాట బాగానే వినబడే అవయవాలు అవస్థ పడతాయి. అండాశయం అలాంటి పొరుగే. అక్కడ ఇన్సులిన్ ఎల్‌హెచ్‌తో చేతులు కలిపి ఇంకా రుబ్బమంటుంది. కాలేయం మరో పొరుగు. టెస్టోస్టెరాన్‌ను పట్టి ఉంచే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్‌ను కాలేయం తయారుచేస్తుంది. ఇన్సులిన్ ఎక్కువైతే దాని తయారీ తగ్గుతుంది. కట్టు తెగిన టెస్టోస్టెరాన్ చర్మం మీదికీ వెంట్రుకల కుదుళ్ల మీదికీ వెళుతుంది. అందుకే మొత్తం టెస్టోస్టెరాన్ మామూలుగానే ఉన్నా గడ్డం మీద వెంట్రుకలు రావచ్చు.

మూడో పొరుగు చర్మం. ఇన్సులిన్ మితిమీరినచోట చర్మకణాలు అవసరానికి మించి పెరుగుతాయి. మెడ వెనక, చంకల్లో, మోచేతుల మడతల్లో చర్మం మందమై, నల్లబడి, ముఖమల్‌లా తగులుతుంది. వైద్యుల భాషలో అకాంథోసిస్ నైగ్రికాన్స్. అది మురికి కాదు, రుద్దితే పోదు. రుద్దేకొద్దీ రాపిడికి చర్మం ఇంకా నల్లబడుతుంది కూడా. మా పిన్ని నిమ్మచెక్కతో చెరిపేయాలని చూసింది కూతురి ఒంట్లో పొంగుతున్న ఇన్సులిన్‌ను.

ఇందులో మన దేశానికి ప్రత్యేకమైన కోణం ఒకటుంది. తెల్లవాళ్లతో పోలిస్తే భారతీయుల ఒంట్లో అదే బరువుకు కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. పుణెలో పుట్టిన పసిపిల్లల మీద జరిగిన పరిశోధనల్లో, బరువు తక్కువగా పుట్టిన బిడ్డల్లో కూడా ఈ పోకడ కనిపించింది. అందుకే మనకు బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అంటారు. పాశ్చాత్యులకు ఆ గీతలు 25, 30. "పుల్లలా ఉంది, దీనికేం పీసీఓడీ?" అనేది మన పేరంటాల్లో మామూలుగా వినిపించే ప్రశ్న. పుల్లలా ఉన్నవాళ్లకీ వస్తుంది.

మరి ఎవరికుందో ఎలా తేల్చాలి? ఇక్కడే లెక్కలు చిత్రంగా మారతాయి. 1990లో అమెరికాలో కూర్చున్న నిపుణులు నెలసరి తప్పడం, ఆండ్రోజెన్ లక్షణాలు ఈ రెండూ ఉండాలన్నారు. 2003లో నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో కలిసినవాళ్లు స్కాన్‌ను కూడా చేర్చి, మూడింటిలో ఏ రెండున్నా చాలన్నారు. 2006లో మరో సంఘం ఆండ్రోజెన్ తప్పనిసరి, మిగతా రెంటిలో ఏదైనా ఒకటి అంది. 2024లో వెలువడిన ఐసీఎంఆర్ దేశవ్యాప్త అధ్యయనం 18 నుంచి 40 ఏళ్ల మధ్య ఉన్న తొమ్మిది వేల ఎనిమిది వందల మందికి పైగా స్త్రీలను ఈ మూడు కొలతలతోనూ కొలిచింది. మొదటి కొలతతో 7.2 శాతం మందికి ఉంది. రాటర్‌డామ్ కొలతతో 19.6 శాతం మందికి ఉంది. మూడోదానితో 13.6. స్త్రీలు వాళ్లే, మారింది తూకపు రాయి. "ప్రతి ఐదుగురిలో ఒకరికి" అనే వార్త మీరు చదివి ఉంటే అది పెద్దరాయి లెక్కన్నమాట.

స్కాన్‌ను నమ్మి భయపడటం గురించి ఒక మాట. తమకే ఇబ్బందీ లేదనుకుంటూ ఏ చికిత్సకూ వెళ్లని యువతుల్లో కూడా ఐదుగురిలో ఒకరికి పైగా అండాశయాలు ఇలాగే కనిపిస్తాయని 1980ల్లోనే బయటపడింది. యంత్రాలు మెరుగయ్యేకొద్దీ చుక్కలు ఇంకా ఎక్కువ కనపడసాగాయి. రాటర్‌డామ్‌లో పన్నెండు పుటికలుంటే చాలన్నారు. 2018 నాటికి ఆ గీతను ఇరవైకి జరపాల్సి వచ్చింది. పదమూడు పద్నాలుగేళ్ల పిల్లల్లో పుటికలు మామూలుగానే ఎక్కువ. 2023లో మెల్‌బోర్న్‌లోని మొనాష్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు టీనేజి పిల్లల్లో స్కాన్‌తోగానీ ఏఎంహెచ్ పరీక్షతోగానీ ఈ జబ్బును నిర్ధారించవద్దని స్పష్టంగా చెప్పాయి. పెద్దవాళ్లలో కూడా నెలసరి తేడాలూ ఆండ్రోజెన్ లక్షణాలూ రెండూ ఉంటే స్కాన్ అవసరమే లేదు. అయినా మన దగ్గర పదిహేనేళ్ల పిల్లను స్కానింగ్ బల్ల మీద పడుకోబెట్టి, ఆ కాగితం పట్టుకుని "దీనికి పిల్లలు పుడతారా?" అని అడిగే తల్లులు కోకొల్లలు.

పిల్లల్లో చూడాల్సింది కేలండరు. పెద్దమనిషైన మొదటి ఏడాది నెలసరి ఎలా వచ్చినా కంగారు పడక్కర్లేదు. తర్వాతి రెండేళ్లలో 21 రోజులకన్నా ముందే వస్తున్నా 45 రోజులు దాటుతున్నా గమనించాలి. మూడేళ్లు దాటాక 35 రోజులు మించుతుంటే లేదా ఏడాదికి ఎనిమిదిసార్లకన్నా తక్కువ వస్తుంటే డాక్టరు దగ్గరకెళ్లాలి. థైరాయిడ్, ప్రొలాక్టిన్, అడ్రినల్ గ్రంథిలో పుట్టుకతో వచ్చే ఒక లోపం, ఇవి కూడా ఇలాంటి లక్షణాలే చూపిస్తాయి కాబట్టి ముందు వాటిని పక్కకు పెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక రెసిడెన్షియల్ కాలేజీలో 15 నుంచి 18 ఏళ్ల మధ్య ఉన్న 460 మంది అమ్మాయిలను పరీక్షించి 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో 9.13 శాతం మందికి పీసీఓఎస్ ఉంది. ఆ తరహా కాలేజీలో మరో తొంభై మందిని రెండు జట్లు చేసి పన్నెండు వారాలపాటు ఒక జట్టుతో యోగా, ఇంకో జట్టుతో మామూలు వ్యాయామం చేయిస్తే యోగా జట్టులో ఏఎంహెచ్, టెస్టోస్టెరాన్ కొంచెం ఎక్కువ తగ్గాయి. చిన్న అధ్యయనం, దాన్ని పట్టుకుని యోగాతో జబ్బు మాయమవుతుందనడం తప్పు. అయితే ఇంటర్ పిల్లలను పొద్దున్న ఐదింటినుంచి రాత్రి పదింటిదాకా కుర్చీలకు అతికించే మన కార్పొరేట్ కాలేజీ పద్ధతిని తలచుకుంటే, ఆ పన్నెండు వారాలు ఆ పిల్లలు చాప మీదికి దిగారన్నదే నాకు పెద్ద విశేషంలా అనిపించింది.

ఎవరిదీ తప్పు? తల్లి వండిన బిర్యానీదా, పిల్ల చూసిన ఫోనుదా? డచ్ కవలల మీద జరిగిన పరిశోధన ప్రకారం ఈ జబ్బులో దాదాపు 70 శాతం వాటా వంశపారంపర్యానిది. చైనాలో వేలమంది డీఎన్ఏ వెతికి 2011లో మొదటి జన్యువుల గుర్తులు పట్టుకున్నారు. వాటిలో ఎల్‌హెచ్‌ను అందుకునే జన్యువుంది, తర్వాతి అన్వేషణల్లో ఇన్సులిన్‌ను అందుకునేదీ తేలింది. మరో దారి గర్భంలో మొదలవుతుంది. కడుపుతో ఉన్న కోతులకూ గొర్రెలకూ టెస్టోస్టెరాన్ ఎక్కిస్తే వాటికి పుట్టిన ఆడపిల్లల్లో పెద్దయ్యాక ఇవే లక్షణాలు వచ్చాయి. 2018లో ఫ్రాన్స్‌లోని లీల్‌లో గర్భిణి ఎలుకలకు ఏఎంహెచ్ ఇచ్చినా అదే జరిగింది. అంటే అమ్మ ఒంట్లోని హార్మోన్ల వాతావరణం కడుపులోని ఆడబిడ్డ మెదడు తాళాన్ని ముందే సరిచేసి పెడుతోందేమో. ఈ జబ్బున్నవాళ్ల అన్నదమ్ముల్లోనూ ఇన్సులిన్ తేడాలు కనిపిస్తాయి. వాళ్లకు అండాశయాలు లేవు కదా! ఓవరీ పేరు పెట్టుకున్న జబ్బు మగపిల్లల గుమ్మం కూడా తొక్కుతోంది.

సంబంధాల వేళ మనవాళ్లు అడిగేది ఒకటే ప్రశ్న, పిల్లలు పుడతారా అని. చాలామందికి పుడతారు. కొందరికి మందు సాయం కావాలి. దాని వెనక మన దేశానికి సంబంధించిన వింత కథ ఒకటుంది. లెట్రోజోల్ రొమ్ము క్యాన్సర్ మందు. ఈస్ట్రోజెన్ తయారీని కాసేపు ఆపుతుంది. ఈస్ట్రోజెన్ తగ్గిందని మెదడు అనుకుని ఎఫ్‌ఎస్‌హెచ్ పెంచుతుంది. అట్లు పోసేవాళ్లకు పొయ్యి అందుతుంది, ఒక పుటిక ముందుకు కదులుతుంది. 2005లో కెనడాలో ఒక చిన్న పరిశీలన దీనివల్ల బిడ్డలకు లోపాలొస్తాయేమోనన్న అనుమానం లేపింది. మరుసటి ఏడాది 911 మంది శిశువులను పరిశీలించిన అధ్యయనం ఆ అనుమానాన్ని కొట్టేసింది. అయినా 2011 అక్టోబరులో మన కేంద్ర ఆరోగ్య శాఖ సంతానలేమి చికిత్సలో దీన్ని నిషేధించింది. 2014లో అమెరికాలో 750 మంది పీసీఓఎస్ స్త్రీల మీద జరిగిన పరీక్షలో పాత మందు క్లోమిఫీన్ తీసుకున్నవాళ్లలో 19.1 శాతం మందికి బిడ్డలు పుడితే, లెట్రోజోల్ తీసుకున్నవాళ్లలో 27.5 శాతం మందికి పుట్టారు. ప్రపంచమంతా దాన్ని మొదటి మందుగా ఎంచుకుంటుంటే మన దగ్గర అది నిషిద్ధం. 2017 ఫిబ్రవరిలో ఆ నిషేధం ఎత్తేశారు. మధ్యలో గడిచిన ఐదేళ్లలో ముప్పై దాటినవాళ్లకు ఆ ఐదేళ్లు తిరిగి రావు.

పిల్లల సంగతి పక్కనపెడితే, ఎవరూ అడగని ప్రశ్న మరొకటుంది. నెలసరి నాలుగు నెలలకోసారి వస్తే వచ్చే నష్టమేమిటి? "ఏముంది, హాయే కదా" అనుకునేవాళ్లు నాకు తెలుసు. అండం విడుదల కాకపోయినా ఈస్ట్రోజెన్ పుడుతూనే ఉంటుంది, గర్భసంచి లోపలి పొర మందమవుతూనే ఉంటుంది. దాన్ని ఆపి, రాల్చేసే ప్రొజెస్టెరాన్ ఉండదు. ఏళ్ల తరబడి అలా మందమైన పొరలో క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. వయసులో ఉన్నవాళ్లలో ఆ క్యాన్సర్ అరుదే గానీ ముప్పు నిజం. కాబట్టి మూడు నెలలకు మించి ఆగకుండా చూడాలంటారు. దానికోసం డాక్టర్లు గర్భనిరోధక మాత్రలో ప్రొజెస్టెరాన్ తరహా మాత్రలో రాస్తారు. పెళ్లికాని పిల్లకు గర్భనిరోధక మాత్ర రాశారని గొడవపడి చీటీ చించేసిన తండ్రి గురించి విన్నాను. ఆ మాత్ర కాలేయంలో ఎస్‌హెచ్‌బీజీ పెంచి మొటిమలు, వెంట్రుకలు తగ్గిస్తుందనీ, ఆపేశాక పిల్లలు పుట్టడానికి అడ్డురాదనీ ఆయనకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పి ఉండరు. ఇంకో సంగతి, నెలసరి సక్రమంగా లేదు కాబట్టి గర్భం రాదనుకోవడం కూడా పొరపాటే. ఎప్పుడో ఒకసారి అండం విడుదలవుతుంది, అది చెప్పి రాదు.

మెట్‌ఫార్మిన్ కథ వేరు. యూరప్ పొలాల గట్ల మీద పెరిగే ఊదారంగు పూల మొక్క, గోట్స్ రూ, దాని మూలం. 1957లో ఫ్రెంచి వైద్యుడు ఝాన్ స్టెర్న్ దాన్ని షుగరు మందుగా నిలబెట్టాడు. 1990ల్లో పీసీఓఎస్‌కు వాడి చూశారు. ఇన్సులిన్ తగ్గింది, కొందరికి నెలసరి కూడా తిరిగి వచ్చింది. "షుగరు లేకుండానే షుగరు మాత్ర ఎందుకిచ్చారు?" అని మందుల షాపుల దగ్గర అడిగేవాళ్లకు జవాబు ఇదే. 2024లో చైనాలో మలేరియా మందు ఆర్టెమిసినిన్ తరహా రసాయనాన్ని పంతొమ్మిది మందికి పన్నెండు వారాలు ఇస్తే ఆండ్రోజెన్ తయారీ తగ్గి పన్నెండుమందికి నెలసరి గాడిన పడింది. ఆశపడటానికి బాగుంది, వాడటానికి ఇంకా తొందర.

తిండి విషయంలో మార్కెట్ గోల ఎక్కువ. కొర్రలు, అవిసెగింజలు, దాల్చినచెక్క నీళ్లు, వేలరూపాయల పొడులు. ఫలానా ఆహార పద్ధతే మిగతావాటికన్నా మేలని ఇంతవరకూ ఎవరూ రుజువు చేయలేదు. కొర్రలు మంచివే, అలాగని పళ్లెం నిండా తింటే కొర్రలు కూడా అన్నమే. బరువున్నవాళ్లు ఐదు శాతం తగ్గినా, అంటే డెబ్భై కేజీలకు మూడున్నర కేజీలు, ఇన్సులిన్‌లో తేడా కనిపిస్తుంది. ఈ జబ్బే బరువు తగ్గడాన్ని కష్టం చేస్తుందన్నది కూడా నిజం. తగ్గకపోతే బద్ధకమని తిట్టే డాక్టర్లున్నారు, చుట్టాలున్నారు. పీసీఓఎస్ ఉన్నవాళ్లలో దిగులు, ఆందోళన మిగతావాళ్లకన్నా ఎక్కువ, వాటిని కూడా అడిగి తెలుసుకోవాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. గడ్డం వెంట్రుకల గురించి నవ్విన క్లాస్‌మేట్లను మా పిన్ని కూతురు ఇప్పటికీ పేర్లతో సహా చెబుతుంది.

ఆమెకు ఇప్పుడు నలభై దగ్గరికొచ్చాయి. ఇద్దరు పిల్లలు, రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు షుగరు కనిపించి కాన్పు తర్వాత పోయింది. మూడేళ్లుగా నెలసరి తేదీ తప్పకుండా వస్తోంది. "బుడగలన్నీ పోయినట్టున్నాయక్కా" అంది ఈ సంక్రాంతికి. పోయేది పుటికల గుంపు. వయసు పెరిగేకొద్దీ పుటికలు తరిగి, ఏఎంహెచ్ తగ్గి, ముప్పైల చివర్లో చాలామందికి నెలసరి దానంతటదే సర్దుకుంటుంది. ఇన్సులిన్ సంగతి అలా కాదు. జడ ముడివేసుకుంటుంటే చూశాను, మెడ నలుపు అలాగే ఉంది.

పరగడుపున పరీక్ష చేయించుకుంటే చక్కెర మామూలుగానే వచ్చిందని చెప్పింది. పీసీఓఎస్ ఉన్నవాళ్లకు అది చాలదు, 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగి రెండు గంటల తర్వాత చూడాలి అన్నాను. కనుమ వెళ్లిన మర్నాడు ఇద్దరం ల్యాబుకు వెళ్లాం. ఆ తీపి నీళ్లు గుటక దిగడం లేదని మొహం చిట్లించింది. రెండు గంటలు బెంచీ మీద కూర్చుని పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నాం. సాయంత్రం ఫోనులో రిపోర్టు వచ్చింది. 140లోపు ఉండాలి, 200 దాటితే షుగరు. ఆమెది 162.